చదివి వినిపించడమైనది

కోర్టు ఫైలింగ్ కౌంటర్ కిటికీలోకి వెళ్ళిన కాగితాల కట్ట వెళ్ళినట్టే తిరిగొచ్చింది.

"ఆఖరి పేజీలో లోపం ఉంది. సరిచేసి పట్టుకురండి," అన్నాడు కౌంటర్ ఆయన, అప్పటికే వెనకవాళ్ళ కాగితాలకు చెయ్యి చాస్తూ.

అమ్మాయి తలెత్తి చూసింది. గోడ గడియారంలో పదకొండూ ఇరవై. పన్నెండున్నరలోగా నంబరు పడకపోతే పిటిషన్ ఈరోజు జడ్జిగారి ముందుకు వెళ్ళదు. వెళ్ళకపోతే మూడు గంటలకు, పిటిషన్ వేస్తున్నావిడ ఇస్త్రీ కొట్టు ఉండదు. కూల్చడానికి మనుషుల్ని మాట్లాడేశానని భవనం యజమాని నిన్ననే కబురు పెట్టాడు.

ఆమెది లా ఆఖరి సంవత్సరం. ఆరు వారాల ఇంటర్న్‌షిప్‌లో ఇది మూడో వారం. కాలేజీలో అన్నిట్లోనూ ఫస్టు. ఆ సంగతి తెలిసిన మొదటిరోజే లాయరు మేడమ్ గారి గుమాస్తా ఆమెకు పేరు పెట్టేశాడు.

"ఏమంటున్నాడు గోల్డ్ మెడల్ గారూ?"

"సెక్షన్లన్నీ కరెక్టే బాబాయ్! పన్నెండు తీర్పులు కూడా పెట్టాను!"

గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని అఫిడవిట్ చివరికి తిప్పాడు. "పన్నెండు తీర్పులు పెట్టి ఒక్క వాక్యం మర్చిపోయావు. ఈవిడకి చదువు రాదు, వేలిముద్ర వేసింది. 'పూర్తిగా చదివి వినిపించగా, విని ఒప్పుకుని వేసింది' అని రాసి, చదివినవాళ్ళు సంతకం పెట్టాలి."

"అంతేనా!" అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. పెన్ను తీసింది.

గుమాస్తా కాగితం మీద అరచెయ్యి ఆనించాడు. "చదివావా?"

"నిన్న హడావుడిలో... ఆవిడ చెప్పిందే కదా రాశాను."

"నేనడిగింది అది కాదు."

"తొమ్మిది పేజీలు బాబాయ్! టైం లేదు. అందరూ ఊరికే రాసేస్తారటగా?"

"అందరి సంగతి నాకెందుకు? కింద ఉండేది నీ సంతకం."

అమ్మాయి మొహం కందిపోయింది. పెన్ను మూసి, వరండా చివర బెంచీ మీదున్న ఇస్త్రీ ఆవిడ పక్కన కూలబడింది. రైలు వెళ్ళిపోతున్నట్టు చదవడం మొదలుపెట్టింది.

"తల్లీ, ఈ పిటిషనర్ ఎవరు? పదేపదే వస్తోంది," అడిగింది ఆవిడ.

"మీరేనమ్మా."

"నేనా! ఎవరో మగాయన అనుకుంటున్నా ఇందాకట్నించీ."

వెనకే వచ్చిన గుమాస్తా మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. అమ్మాయి వేగం తగ్గించింది. ప్రతి పేరా మామూలు మాటల్లో చెప్పసాగింది. నాలుగో పేజీకి వచ్చింది.

"పద్నాలుగేళ్ళుగా ఒక్కరోజు కూడా మూయకుండా ఈ కొట్టు నడుపుతున్నాను..."

"ఆగాగు. అదెవరు చెప్పారు? రెండేళ్ళ కిందట ఐదు నెలలు మూశాను కదా. మా ఆయన ఆస్పత్రిలో ఉంటే ఎవరు తీస్తారు?"

అమ్మాయి చదవడం ఆపేసింది. "మరి నిన్న చెప్పలేదేంటమ్మా?"

"ఎన్నేళ్ళయిందన్నావు, పద్నాలుగన్నాను. మూశావా అని నువ్వడగలేదే!"

ఒక్కరోజు కూడా మూయకుండా. ఆ ముక్క అమ్మాయే చేర్చింది, బలంగా ఉంటుందని.

"ఆ ఐదు నెలలూ తాళం ఎవరిదమ్మా?" గుమాస్తా అడిగాడు.

"నాదే. బల్లా, ఇస్త్రీపెట్టే లోపలే ఉన్నాయి. తాళంచెవి ఇదిగో, మెళ్ళోనే ఉంటుంది."

పదకొండూ నలభై ఐదు. అమ్మాయి మేడమ్‌కి ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది. "ఉన్నదున్నట్టు రాయి. తాళం సంగతి కూడా. మిగతాదీ చదివాకే టైపుకివ్వు," అని ఫోన్ పెట్టేసిందావిడ.

మిగిలిన ఐదు పేజీలూ చదివాక అమ్మాయి మెట్లు రెండేసి దిగి టైపిస్టు దగ్గరికి పరుగెత్తింది. కొత్త పేజీ. కొత్త వేలిముద్ర. నోటరీ ముద్ర. చదివి వినిపించానన్న వాక్యం కింద, మొదటిసారి, తన సంతకం.

పన్నెండూ ఇరవై ఎనిమిదికి నంబరు పడింది.

కోర్టు హాల్లో యజమాని తరఫు లాయరు ధీమాగా లేచాడు. చేతిలో ఫొటోలు.

"ఈవిడ రెండేళ్ళ కిందటే కొట్టు వదిలేసి పోయిందండీ. తలుపు మూసి ఉన్న ఫొటోలివిగో, మూడు నెలల పాటు తీసినవి. మళ్ళీ వచ్చి దౌర్జన్యంగా దూరింది."

నిన్న రాసిందే ఉండి ఉంటే ఇస్త్రీ ఆవిడ ఈపాటికి అబద్ధాలకోరు.

జడ్జిగారు అఫిడవిట్ తిప్పారు. "మూసిన సంగతి ఆవిడే చెప్పింది కదండీ. మూడు కాదు, ఐదు నెలలట. భర్త ఆస్పత్రిలో ఉన్నాడట, తాళం తనదేనట. మీ ఫొటోలో తాళం ఎవరిది?"

యజమాని లాయరు ఫొటోలోకి తొంగిచూశాడు. ఫొటోలు మళ్ళీ ఫైల్లో పెట్టేశాడు. మేడమ్ లేచి రెండే మాటలు మాట్లాడింది. వచ్చే వాయిదా దాకా కొట్టు జోలికి వెళ్ళొద్దని స్టే వచ్చింది.

ఆర్డరు కాపీతో ఆటో దిగేసరికి రెండూ యాభై. కూలీలు అప్పటికే కొట్టు మీది రేకులు రెండు ఊడదీసేశారు. లోపల మడతపెట్టిన చొక్కాల మీద ఎండ పడుతోంది. ఇస్త్రీ ఆవిడ కెవ్వుమంది.

"ఆపండి! కోర్టు ఆర్డరు!" అమ్మాయి నిచ్చెన దగ్గరికి దూసుకెళ్ళింది.

పైనున్న మేస్త్రీ వంగి చూశాడు. "నాకు చదవడం రాదమ్మా. ఏముంది అందులో?"

అమ్మాయి ఊపిరి పీల్చుకుని, మొదటి లైను నుంచి నిదానంగా చదివింది. మేస్త్రీ ఆసాంతం విని, యజమానికి ఫోన్ చేసి, అటునుంచి వచ్చిన కేకలు కాసేపు విన్నాడు.

"మీరేమైనా అనండి సార్. నేను విన్నాను, ఇంక గునపం వెయ్యను," అని పెట్టేసి, కింద ఉన్నవాడితో అన్నాడు. "ఆ రేకులు పైకి అందించరా."