మూడు గంటల ఫైనల్

2003 వేసవిలో పాతబస్తీ ఫుట్‌బాల్ టోర్నమెంటుకు జోరావర్ గేమ్స్ అనే కంపెనీ స్పాన్సరుగా వచ్చింది. కంప్యూటర్లో ఆడుకునే ఫుట్‌బాల్ ఆటలు తయారుచేసి అమ్మే కంపెనీ అది. అన్ని జట్లకూ బూట్లు, జెర్సీలు ఇచ్చింది. ఫైనల్స్ రోజున మూడింటికి ఆడపిల్లల మ్యాచ్, తర్వాత మగవాళ్ళ మ్యాచ్, రెండూ కేబుల్ ఛానెల్లో లైవ్ అని పురానాపూల్ నుంచి పత్తర్‌గట్టి దాకా పోస్టర్లు అంటించింది.

ఆడపిల్లల ఫైనల్‌కు చేరిన హుస్సేనీ ఆలం జట్టుకు గోల్‌కీపర్, కెప్టెన్ కూడా సోనీయే. ఇరవయ్యేళ్ళ పిల్ల. ఇంట్లో బర్రెలున్నాయి. పొద్దున్నే పాలు పోసొచ్చి, సైకిలు గోడకు ఆనించి గ్రౌండుకు పరుగెత్తడం ఏడేళ్ళుగా అలవాటు. ఫైనల్ రోజు పొద్దున పాలు పోసే ప్రతి ఇంట్లోనూ చెప్పి వచ్చింది, మూడింటికి టీవీ పెట్టమని.

రెండున్నరకు కంపెనీ ఆఫీసరు వంశీధర్ వచ్చాడు. కోస్తా మనిషి, మాట మెత్తన.

"చిన్న మార్పమ్మా. మూడింటి నుంచి మా కొత్త గేము లైవ్‌లో చూపిస్తున్నాం. టెంటులో ఇద్దరు కుర్రాళ్ళు పెద్ద టీవీ మీద ఆడతారు. మీరో పది నిమిషాలు పెనాల్టీలు కొట్టేసి, కెమెరాకి చెయ్యూపి వెళ్ళిపోండి. రెండు జట్లకీ చెరో కప్పూ ఇచ్చేస్తాం."

సోనీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

"మనుషులు ఆడేది బంద్ చేసి, టీవీల బొమ్మలు ఆడేది చూపిస్తరా?"

"స్పాన్సర్లం కదమ్మా, మా గేము గురించి చెప్పుకోవాలిగా."

"గా గేములో ఆడపిల్లలున్నరా?"

"ఇంకా పెట్టలేదు," అన్నాడు.

సోనీ రిఫరీ దగ్గరికి వెళ్ళింది. రిఫరీ రామ్‌చందర్ ఒకప్పుడు పేరున్న ఆటగాడు. ఈ టోర్నమెంటు నడిపేదీ ఆయనే, సోనీకి బంతి పట్టడం నేర్పిందీ ఆయనే. ఆయన తల దించుకున్నాడు.

"లొల్లి వద్దు బిడ్డా. ఈ కంపెనీని తెచ్చేటందుకు ఎన్ని గడపలెక్కిన్నో నాకే ఎరుక. ఈసారికి ఊకో."

"ఏడేండ్ల సంది ఊకుంటనే ఉన్న కాకా. ఇగ నాతోని కాదు."

ఇక మిగిలింది ఎదుటి జట్టు. మలక్‌పేట కెప్టెన్ రాగసుధ గవర్నమెంటు ఆఫీసరు కూతురు. ఆమె మాటా వంశీధర్ మాటా ఒక్క తీరే ఉంటాయి. ఈమె కూడా అటే మొగ్గుతుందనుకుంటూనే సోనీ సంగతి చెప్పింది.

"పెనాల్టీలా?" అంది రాగసుధ లేస్ ముడి బిగిస్తూ. "మొన్న సెమీస్‌లో పళ్ళు రాలగొట్టుకుని మరీ గెలిచాం. ఎవరు ఆడకపోయినా నేను ఆడతాను. పద."

మూడయ్యింది. ఇరవై రెండు మందీ గ్రౌండులోకి దిగారు. రామ్‌చందర్ విజిల్ ఊదలేదు. గీత అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. విజిల్ లేకుండానే రాగసుధ బంతి తన్నింది, ఆట మొదలైపోయింది. నాలుగో నిమిషంలో ఆమే హుస్సేనీ ఆలం పిల్లను కాలడ్డం పెట్టి పడేసింది. ఎన్నేళ్ళ అలవాటో, రామ్‌చందర్ నోట్లో విజిల్ దానంతటదే మోగింది. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన ఒక్క క్షణం నిలబడి, "ఫౌల్!" అని అరుస్తూ గీత దాటి లోపలికి పరుగెత్తాడు.

జనం కేకలు మిన్నంటాయి. టెంటులో పెద్ద టీవీ ముందు కుర్రాళ్ళిద్దరే మిగిలారు. కెమెరామాన్ ఇస్సాకు కెమెరాను మెల్లగా గ్రౌండు వైపు తిప్పాడు.

"ఇటు పెట్టవయ్యా!" వంశీధర్ కేకేశాడు.

"జనమంత అటే చూస్తున్నరు సార్. గిది చూపిస్తే ఇండ్లల్ల టీవీలు బంద్ చేస్తరు."

వంశీధర్ కోపంతో సోనీ గోల్‌పోస్టు దాకా వచ్చాడు. "వెంటనే ఆపించు. మర్యాదగా చెప్తున్నా."

సోనీ కళ్ళు బంతి మీదే ఉన్నాయి. "జర పక్కకు జరుగున్రి సార్. బాల్ తాకుతది."

బంతి రానే వచ్చింది. ఆయన వంగాడు, ఆమె ఎగిరింది. బంతి ఆమె చేతుల్లో చిక్కింది. వంశీధర్ మళ్ళీ గీత దాటి లోపలికి రాలేదు.

రెండు సగాలూ పూర్తిగా ఆడారు. మలక్‌పేట రెండు, హుస్సేనీ ఆలం ఒకటి. కప్పులు కంపెనీ పెట్టెలోనే ఉండిపోయాయి. "వచ్చే ఏడు మీకు పైసా సాయం ఉండదు," అని వంశీధర్ రామ్‌చందర్ మొహం మీదే తేల్చేశాడు. రామ్‌చందర్ చెమట తుడుచుకుని, "సరే సార్. ఇగ పక్కకు జరుగున్రి, మగోళ్ళ మ్యాచ్ షురూ చెయ్యాలె," అన్నాడు.

సోనీ ఇల్లు చేరేసరికి వాళ్ళమ్మ బుచ్చమ్మ వాకిట్లోనే పట్టుకుంది. పక్కింటి టీవీలో మొత్తం చూసిందట.

"రెండో గోలుకు గట్ల ఎడమకు దుంకినవేందే? బాల్ కుడికొచ్చె గద!"

"గాలికి తిరిగిందమ్మా."

"గాలి లేదు, ఏం లేదు. నేను చూడలేదా?"

అన్నట్టుగానే మరుసటేడు కంపెనీ రాలేదు. పత్తర్‌గట్టి బట్టల దుకాణం కొండల్ మిగిలిన తానుల్లోంచి రెండు జట్లకూ అంగీలు కుట్టించి ఇచ్చాడు. అన్నీ ఆకుపచ్చవే. ఎవరెవరో తెలియక మలక్‌పేట వాళ్ళు తిరగేసి తొడుక్కున్నారు. ఆ ఏడూ రాగసుధే గెలిచింది, అదీ ఆఫ్‌సైడ్ గోలుతో. ఆ సంగతి ఎవరెత్తినా సోనీ ఇప్పటికీ కొట్లాటకు దిగుతుంది.