కాలర్ కత్తిరించిన ఉత్తరం

హలో, వినపడుతోందా? అన్నలూ, చెల్లెళ్ళూ, అందరూ బాగున్నారా? మందుబిళ్ళలు వాడేవాళ్ళు ఇవాళ్టివి వేసుకున్నారా? లేకపోతే ముందు లేచి వేసుకుని రండి, నేనెక్కడికీ పోను. ఇవాళ చెప్పేది ఒక బిళ్ళ కథే.

ఒక దర్జీ. వీధిలో అందరూ కత్తెర బాబాయ్ అంటారు. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. ఆయన భార్యకి ఫిట్స్ జబ్బు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి బిళ్ళ పడుతుంటే ఎనిమిదేళ్ళుగా మనిషి నిక్షేపంగా ఉంది. "ఒక్క పూట కూడా తగ్గించకూడదు" అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆ మందు కొనడం దర్జీ వల్ల అయ్యే పని కాదు. రాబడి తక్కువున్న వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే కార్డు ఒకటుంది. అది చూపిస్తే మందు దాదాపు ఊరికే వస్తుంది. ఇన్నాళ్ళూ ఆ కార్డే వాళ్ళని గట్టెక్కించింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మందుల షాపు అమ్మాయి కార్డుని మిషన్లో పెట్టింది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది.

"బాబాయ్, పిన్ని కార్డు ఆపేశారు."

"ఆపేయడమేంటమ్మా? మేమేం తప్పు చేశాం?"

"తప్పు కాదు. రాబడి పెరగలేదని ఈ ఏడాది నుంచి ఏటా సంతకం పెట్టి పంపాలిగా. ఉత్తరం రాలేదా? దళసరి కాగితం, పైన నీలం గీత."

దర్జీకి గుర్తొచ్చింది. నీలం గీత. చూశాడు. కత్తెర ఆ గీత పక్కనుంచే పోయింది కూడా.

రెండు నెలల కిందట కొట్టు నిండా స్కూలు యూనిఫాంలు. కాలర్ కొలతకి గట్టి కాగితం కావాలి. ఇంటికొచ్చిన కాగితాలన్నీ బల్ల కింద పడేసి, ఏది గట్టిగా ఉంటే దాన్ని కత్తిరించడం ఆయనకి ముప్ఫై ఏళ్ళ అలవాటు. "ఈ కాగితం భలే ఉందే!" అని భార్యకి చూపించి మరీ కోశాడు.

"గడువు అయిపోయింది బాబాయ్. ఆలస్యమైన వాళ్ళకి కార్డుల ఆఫీసులో ఇవాళ అయిదింటి దాకా టైమిచ్చారు. ఆ కాగితమే కావాలి, దాని కిందే సంతకం. లేకపోతే మళ్ళీ మొదట్నుంచి. రెండు నెలలు పడుతుంది."

గోడ గడియారం చూశాడు. మూడుంబావు. ఒక్క పరుగున ఇంటికొచ్చాడు.

"ఏమే, మందు ఇంకా ఎన్నాళ్ళకుంది?"

"ఉందిలెండి."

ఆ 'లెండి' ఆయనకి నచ్చలేదు. డబ్బా లాక్కుని మూత తీశాడు. లోపల అన్నీ సగం ముక్కలే.

"పది రోజుల కిందట నేనే షాపుకి వెళ్ళా. అక్కడున్నతను కార్డు పని చెయ్యట్లేదన్నాడు. మీరేమో యూనిఫాంల గొడవలో ఉన్నారు. రెండు రోజులు చూద్దామని..."

"అందుకేనా నిన్న గోడ పట్టుకుని నిలబడ్డావు? ఎండ అన్నావుగా!"

"మీరు నమ్మారుగా!" అని నవ్వబోయింది. ఆయన నవ్వలేదు.

గోడ మేకుకి వేలాడే కొలత కాగితాల కట్ట నేలమీద కుమ్మరించాడు. కాలర్ దొరికింది. జేబు మూత దొరికింది. రెండూ పక్కపక్కన పెడితే నీలం గీతా, సగం నంబరూ కలిశాయి. సంతకం పెట్టే ముక్క లేదు. చెత్తబుట్ట తిరగేశాడు. బల్ల కింద దూరాడు.

"అయ్యో, మిషన్ కాలు కింద!" అంది భార్య. "ఊగుతోందని నేనే మడిచి పెట్టా."

తీశాడు. నూనె మరక పట్టింది గానీ అక్షరాలు బతికున్నాయి.

గమ్ము సీసా చూస్తే రాయిలా ఎండిపోయింది. నాలుగవుతోంది. ఆయన ఇంకేం ఆలోచించలేదు. మూడు ముక్కలూ ఒక పాత కాగితం మీద పరిచి, మిషన్లో తెల్లదారం ఎక్కించాడు.

"ఉత్తరాన్ని కుడతారా?"

"నాకొచ్చింది అదేగా. కదలకుండా పట్టుకో. సంతకం గడిలోకి కుట్టు పోకూడదు."

లావు కుట్టు పెట్టి మెల్లగా తొక్కాడు. అడుగు పడ్డప్పుడల్లా మిషన్ ఊగింది. దాని కాలు కింద కాగితం ఇప్పుడు పైన ఉందిగా మరి! భార్య సంతకం పెడుతుంటే ఆమె వేళ్ళు వణికాయి. అది భయమో జబ్బో ఆయనకి తెలియలేదు, అడిగే ధైర్యమూ లేదు. పక్కింటి వదినని తోడు కూర్చోబెట్టి, సైకిలెక్కాడు.

ఆఫీసు చేరేసరికి అయిదుకి పది నిమిషాలు. కిటికీ వెనక కళ్ళజోడు మేడమ్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఏంటండీ ఇది, ఉత్తరమా చొక్కానా?"

"ఉత్తరమే మేడమ్. పొరపాటున కాలర్ అయింది."

ఆవిడ నవ్వలేదు. "ఇక్కడ సూది దిగింది. ఈ అంకె మూడా, ఎనిమిదా?"

దర్జీకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎన్ని వేల చొక్కాలు కుట్టాడో, ఒక్క కుట్టుకి ఇంత భయపడింది లేదు. "మేడమ్, మా ఆవిడ పది రోజులుగా బిళ్ళలు విరిచి మింగుతోంది" అన్నాడు.

ఆవిడ తల ఎత్తి ఆయన్ని చూసింది. లేచి కాగితాన్ని ట్యూబులైటు కింద పట్టుకుంది. కూర్చుని కంప్యూటర్లో ఏదో కొట్టింది. ఆగింది. గడియారం ముల్లు జరిగింది.

"ఎనిమిది" అంది. ముద్ర దిగింది. "కార్డు మళ్ళీ నడుస్తుంది. ఇకమీదట ముందు చదవండి, తర్వాత కత్తిరించండి. ఆవిణ్ణి రేపు డాక్టరుకి చూపించండి, మర్చిపోకుండా."

చీకటి పడే వేళకి కొత్త డబ్బాతో ఇంటికొచ్చాడు. భార్య గ్లాసుతో నీళ్ళు తెచ్చుకుని, బిళ్ళ చేతిలోకి తీసుకుంది. అలవాటుగా ఆమె బొటనవేలు బిళ్ళ మధ్య గీత మీదికి పోయింది.

"విరిచావంటే ఊరుకోను!" అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

నిండు బిళ్ళ మింగింది. అది గొంతు దిగేదాకా ఆయన ఆ చెయ్యి వదల్లేదు.

అదండీ సంగతి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో మందుల కార్డు మీద ఆధారపడ్డవాళ్ళుంటే ఈ కథ వాళ్ళకి పంపండి. వచ్చిన ఉత్తరం ఎవరిచేతైనా చదివించుకోమనండి. ఇంట్లో చెప్పకుండా బిళ్ళలు విరుచుకునే వాళ్ళెవరైనా తెలిస్తే, అందరికంటే ముందు వాళ్ళకి పంపండి.