తవ్వకుండా వదిలిన దిమ్మలు

కృష్ణకు ఈవలి గట్టున, గద్వాల బస్సులు తిరిగే ఊళ్లలో అదొక చిన్న మున్సిపాలిటీ. పేరు చెప్పడం దేనికి, చెబితే అక్కడివాళ్లు తగాదాకొస్తారు. బస్టాండు వెనక ఎకరం జాగాలో ఒక పార్కుంది. ఏ మహానుభావుడి సలహానో గానీ, ఆరేళ్ల కిందట ఆ ఎకరం నిండా లాన్ గడ్డి పరిచారు. ఎండాకాలం వచ్చిందంటే ఆ గడ్డికి రోజుకు రెండు ట్యాంకర్ల నీళ్లు కావాలి. పక్క వాడలో ఖాళీ బిందెలు వరుసలో కూర్చొని ఉంటే, ట్యాంకరు వాటి ముందు నుంచే పోయి గడ్డికి స్నానం చేయించేది. జనం తిట్టని తిట్టు లేదు. ఇంతా చేస్తే, మే నెలకు గడ్డి ఎండనే ఎండేది.

ఆ పార్కులో పనిచేసే నలుగురు ఆడవాళ్లలో పెద్దది జములమ్మ. ధరూర్ దగ్గరి పల్లె ఆమెది. యాభై నాలుగేళ్లు. పదహారో ఏట గడ్డపార పట్టి, ముప్పై ఏళ్లకు పైగా మట్టిపని చేసింది. షోలాపూర్ కాలువ, పుణె పునాదులు, బెంగళూరు పైపులైన్లు, ఎక్కడ నేల తవ్వాలన్నా మేస్త్రి భీమయ్య గుంపులో ఆమె ఉండాల్సిందే. మోకాళ్లు అరిగిపోయాక ఈ తోటపని దొరికింది. పొద్దున పోయి సాయంత్రం తన ఇంటికి తాను చేరుకునే పని ఆమె బతుకులో ఇదే మొదటిది. రేకుల కింద, పరాయి భాష మధ్య పడుకున్న రోజులు తలుచుకొని, "ఇంట్ల పండుకుంటున్న, ఇంతకన్న ఏం గావాలె" అనేది.

ఈ ఏడు ఎండాకాలం మొదట్లో పార్కులు చూసే కొత్త అధికారి వచ్చింది. పేరు మాలతి. తెలకపల్లి రైతు కుటుంబం పిల్ల, నీళ్ల విలువ పుట్టుకతో తెలిసినది. రాగానే లాన్ తీసేద్దామంది. పార్కులో సగం మేర రెండడుగుల లోతున వెడల్పాటి ఇంకుడు గుంత తవ్వి, బస్టాండు వాన నీళ్లన్నీ అందులోకి మళ్లించి, తంగేడు, వావిలి, సీతాఫలం లాంటి మన నేల మొక్కలే పెడదామంది. అవి ఒకసారి వేరు పట్టాయంటే ట్యాంకరు మొహం చూడవని కమిషనరుకు నచ్చజెప్పింది.

కమిషనర్ ఒప్పుకున్నాడు గానీ కొసన ఒక మెలిక పెట్టాడు. ఆగస్టు ఆఖరుకు ఆ జాగా పచ్చబడాలి, పై ఇంజనీరు వచ్చి లోతు కొలిచి పాస్ చేయాలి. ఈ రెండింట్లో ఏది తప్పినా గుంత పూడ్చి సిమెంటు బిళ్లలు పరిపిస్తానన్నాడు. సిమెంటు బిళ్లలకు నీళ్లక్కర్లేదు. తోటపని చేసే ఆడవాళ్లు అసలే అక్కర్లేదు. భీమయ్య ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు, "తవ్వకున్న మానె, గుంపుకు వంట జేసిపెడుదువు రా" అని. బిళ్లలు పడ్డ మర్నాడే తాను బెంగళూరు బస్సెక్కాలని జములమ్మకు తెలుసు.

మే నెలలో తవ్వకం మొదలైంది. మాలతి కాగితం మీద గీసిచ్చి, పెత్తనం జములమ్మకు అప్పగించింది. తవ్వడం గురించి ఆమెకు చెప్పేవాడు ఆ తాలూకాలో ఇంకా పుట్టలేదు. ఇరవై మంది కూలీలతో ఇరవై రోజుల్లో గుంత తేల్చింది. మట్టిపనిలో పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉంది. గుంత మధ్యలో అక్కడక్కడ తవ్వకుండా మట్టి దిమ్మలు వదులుతారు. దిమ్మ నెత్తి పాత నేల మట్టం, దాని కాళ్ల దగ్గర కొత్త మట్టం. టేపు ఆనిస్తే ఎంత లోతు తవ్వారో ఎవడూ కాదనలేడు. కొలిచేవాడు వచ్చి సంతకం పెట్టేదాకా ఆ దిమ్మల జోలికి పోకూడదు. జములమ్మ ఇరవై ఏళ్ల వయసులో, షోలాపూర్ దగ్గర, అధికారి రాకముందే తొందరపడి దిమ్మలు పగలగొట్టింది. "ఇది ముందే పల్లం, మీరేం తవ్వారు?" అన్నాడు వచ్చినవాడు. పదమూడుగురి ఆరు రోజుల కష్టం గాలికి పోయింది. ఆ నాటి నుంచి దిమ్మ అంటే ఆమెకు దేవుడి గద్దెతో సమానం.

ఇక్కడా అయిదు దిమ్మలు వదిలింది. నాలుగు మూలలా నాలుగు, నడిమధ్య ఒకటి. మాలతి వచ్చి కొలిచి రాసుకుంది. పై ఇంజనీరు మాత్రం ఇవాళ, రేపు అంటూ రాలేదు. పనుల మీద ఉండే సూపర్‌వైజర్ శివశంకర్ ఆ దిమ్మలను చూసి రోజూ ఎగతాళి చేసేవాడు.

"ఏంది జములక్కా, పార్కు జెయ్యమంటే బొందలు పెట్టినవ్?"

"పై సారు కొలవనియ్, నా చేతులతోనే తీస్త" అనేది జములమ్మ.

జూన్ వానలకు మూడు వందల మొక్కలు నాటారు. వానలు బాగానే పడ్డాయి. గుంత నిండుతోంది, ఒక రోజులో ఇంకుతోంది, మాలతి చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది. మొక్కలు మాత్రం జూలై వచ్చేసరికి పసుపు రంగుకు తిరిగాయి. తంగేడు సైతం తలవంచింది. బంజర్లో ఎవరూ పట్టించుకోకున్నా పూసే తంగేడు, ఇంతమంది సేవ చేస్తుంటే చావడానికి సిద్ధపడడం మాలతికి అంతుపట్టలేదు.

ఒక పొద్దున రాలిన ఆకులు ఊడుస్తూ జములమ్మ చీపురు ఆపేసింది. గుంత అడుగంతా ఎర్రటి గరుసు, ఉత్త రాతిమట్టి, బోడిగా ఉంది. అయిదు దిమ్మల నెత్తిన మాత్రం గునుగు, తుమ్మి, గరిక ఒకదాన్నొకటి తోసుకుంటూ మొలిచాయి. అదే వాన, అదే ఎండ. తేడా ఎక్కడుందో ఆమెకు క్షణంలో అర్థమైంది. దిమ్మ నెత్తిన నల్లమట్టిని, కింది గరుసును వేళ్లతో నలిపి చూసుకుంది.

నాలుగు రోజులు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే తన పనే పోవచ్చు. చెప్పకపోతే మొక్కలు పోయి, ఆ వెనకే పని పోతుంది. అయిదో రోజు మాలతి ముందు నిలబడింది.

"మేడం, తప్పు నాదే."

"ఏం తప్పు?"

"నేల మీది నల్లమట్టి మొత్తం నేనే ట్రాక్టర్ ఎక్కిచ్చిన. మట్టిపనిల తవ్విన మట్టి తవ్విన కాడ ఉంచం. ముప్పై ఏండ్ల అలవాటు. చేనయితే గట్ల జేస్తనా? చేన్ల మీది మట్టి జేనెడు పోతే పంట పోయినట్టేనని నాకు తెల్వదా? గిది పార్కు గదా, ఉత్త తవ్వుడు పనే అనుకున్న. సత్తువంత బయటికి పంపి, మొక్కలను గరుసుల పెట్టిచ్చిన."

మాలతి తాను గీసిన కాగితం తీసి చూసుకుంది. తర్వాత, "నేను సుత నోటితోటి చెప్పలే. మీది మట్టి పక్కకు పోసి మళ్ల పరవాలెనని కాయితంల రాసి ఊకున్న" అంది. "ఆ మట్టి ఇప్పుడు యాడున్నది?"

"బైపాస్ రోడ్డు కింద. మీద రోలర్ గుడ తిరిగింది."

"మరెట్ల?"

జములమ్మ గుంత వైపు చూసింది. "దిమ్మలున్నయి గద" అంది. అనేసి, తన నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు తానే బిత్తరపోయింది.

ఇంజనీరు ఇంకా రాలేదు. అయినా మర్నాడు పొద్దున గడ్డపార తీసుకొని మొదటి దిమ్మ దగ్గర నిలబడింది. చెయ్యి లేవడానికి కొంతసేపు పట్టింది. పైనున్న జానెడు నల్లమట్టిని విత్తనాలతో, వేర్లతో సహా జాగ్రత్తగా తట్టలోకి తీసింది. ఒక్కో మొక్క మొదట్లో దోసెడు పోసింది. మిగిలింది గింజలు చల్లినట్టు చల్లి, ఎండిన ఆకులు కప్పింది. ఆ ఆకులను ఇన్నాళ్లూ ఊడ్చి పారబోసింది కూడా ఆమే. మూలల్లోని నాలుగు దిమ్మలూ అయ్యాయి, నెత్తి పోయాక అవి ఇక కొలతకు పనికిరావు. నడిమధ్యది మిగిలింది. తూర్పు మూల మొక్కలకు మట్టి అందలేదు.

"అది సుత తియ్యి, తూర్పు మూలకు సరిపోతది" అంది మాలతి.

"గీ ఒక్కటి ఉండనియ్ మేడం. కొలిచెటోడు రాలే."

"ఆ మూల ఎండిపోతే?"

"ఎండితే ఎండనియ్. షోలాపూర్ల ఒకసారి అయింది, సాలు."

మాలతి మరి రెట్టించలేదు. జములమ్మ మొహం చూశాక రెట్టించే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఆగస్టు సగానికి గుంత అడుగున పచ్చదనం చుక్కలు చుక్కలుగా లేచింది. ముందు గరిక, తర్వాత గునుగు, ఆ నీడన తంగేడు కొత్త చిగురు. తూర్పు మూల మాత్రం పాలిపోయే ఉంది. నెలాఖరున గట్టి వాన పడింది. ఏటా ఆ వానకు బస్టాండులో మోకాలి లోతు నీళ్లు నిలిచేవి. ఈసారి నీళ్లన్నీ గుంతలోకి దారి పట్టాయి. శివశంకర్ బస్టాండు మధ్యలో చెప్పులు తడవకుండా నిలబడి, "ఏమో అనుకున్నగని" అని గొణుక్కున్నాడు.

మర్నాడే కమిషనర్, పై ఇంజనీరు కలిసి వచ్చారు. కమిషనర్ పచ్చదనం చూసి ఏమీ అనలేదు, అంటే నచ్చిందని. ఇంజనీరు మాత్రం కాగితాలు తిప్పుతూ పెదవి విరిచాడు.

"రెండడుగులు తవ్వినట్టు రాసిన్రు. ఇది ముందే పల్లం కాదని ఏంది నమ్మకం?"

ముప్పై నాలుగేళ్ల తర్వాత అదే మాట. జములమ్మ ఎవరినీ అడగలేదు. చీర కుచ్చెళ్లు పైకి దోపుకొని, ఇంజనీరు సంచిలోని టేపు అందుకొని గుంతలోకి దిగింది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. నొప్పికి పళ్లు బిగపట్టి నడిమి దిమ్మ దాకా నడిచింది. దాని నెత్తి ఒడ్డుతో సరిసమానంగా ఉంది. టేపు పట్టి, కాలితో కింది నేల తడిమి ఆనించింది.

"సూడు సారూ. రెండడుగులు, మీద రెండు వేళ్లు."

ఇంజనీరు ప్యాంటు మడుచుకొని నీళ్లలోకి దిగి, దగ్గరికొచ్చి వంగి చూశాడు. దిమ్మను చూశాడు, ఆమెను చూశాడు, సంతకం పెట్టాడు. "బిళ్లల సంగతి ఇక వద్దులే" అన్నాడు కమిషనర్ మాలతితో.

"కొలత అయింది. ఇగ ఆ దిమ్మ తీసెయ్" అన్నాడు ఇంజనీరు. వెనకే దిగిన శివశంకర్ గడ్డపార అందించాడు.

జములమ్మ దాన్ని అలవాటుగా అందుకుంది. ఇన్నేళ్లలో తాను వదిలిన ప్రతి దిమ్మనూ తానే పగలగొట్టింది. ఆ ఊళ్లలో కాలువలు పారుతున్నాయి, మేడలు లేచాయి. జములమ్మ అక్కడికి వచ్చిందనడానికి మాత్రం గుర్తు ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆమెకు ఇన్నాళ్లకు ఆ నీళ్లలో నిలబడ్డాక తట్టింది. తట్టగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దీన్ని నేను తియ్య సారూ" అంది.

"ఎందుకు? పని అయిపాయె గద."

"తూర్పు మూలకు ఇత్తనం గావాలె. గునుగు పండినంక ఇందులకెల్లే రాలుతది." కాస్త ఆగి, ఎవరి వైపూ చూడకుండా అంది, "మళ్ల, నేను తవ్విన జాగ గిదని ఒక్క కాడన్న గుర్తు ఉండనియ్."

ఇంజనీరు భుజాలెగరేసి, ఒడ్డెక్కి కారు వైపు నడిచాడు. జములమ్మ గడ్డపారను భుజాన వేసుకొని మెల్లగా ఒడ్డుకెక్కింది. నీళ్లు ఇంకాక మొక్కల మొదట్లో పరవడానికి సాయంత్రం దాకా రాలిన ఆకులు ఒడ్డున పోగుచేసి, ఆరు గంటల ఆటోకు ఇంటికి పోయింది.