కుటుంబ సభ్యుల సహకారంతో

జిల్లా పేపర్లో మా ఆయన ఫోటో పడ్డది. ముదురాకుపచ్చ కారు, దానికి ఆనుకొని, చేతులు కట్టుకొని, నల్లద్దాలు పెట్టుకున్న మా ఆయన. కింద రాసిండ్రు: 'కుటుంబ సభ్యుల సహకారంతో పాత కారుకు ప్రాణం పోసిన శ్యాంసుందర్.'

ఆ కుటుంబ సభ్యులం ముగ్గురం. నేను, మా అత్తమ్మ రామవ్వ, మా బిడ్డ నవత. ఫోటోలో ఒక్కరం కూడా లేము. ఫోటో తీసేటప్పుడు మేము కారు వెనక ఉన్నం. ఎందుకున్నమో చెప్తా.

మా ఆయన పన్నెండేండ్లు దుబాయిలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. ఆ ఇంట్లో మనుషుల కన్నా కార్లే ఎక్కువట. అన్నీ తుడిచిండు, అన్నీ తోలిండు. ఒక్కదాన్ని కూడా నాది అనే యోగం రాలే. కరోనా టైంలో కరీంనగర్ వచ్చి ఉండిపోయిండు. రెండు దుకాణం మడిగెల కిరాయితో ఇల్లు గడుస్తది. పొద్దుగడవడానికే ఏం లేకుండె.

ఒకనాడు ఎవరిదో దినాలకని చొప్పదండి పోయిండు. అక్కడ బాలమల్లు అనే ఆసామి పెరట్లో, కోళ్ల గూడులో, ఈ కారు కనపడ్డది. ఎంజీ కారు. ఇప్పుడు రోడ్ల మీద తిరిగే ఎంజీలకు తాత అనుకోండి. టాపు లేదు, రెండే సీట్లు, కండ్లు బయటికొచ్చిన కప్పలా రెండు లైట్లు. బొగ్గుబాయి ఇంజనీరు దొర దగ్గర బాలమల్లు తాత కొన్నడట. డ్రైవర్ సీట్లో ఒక పెట్ట గుడ్లు పొదుగుకుంట కూసున్నది. మా ఆయన చెయ్యి పెడితే పొడిచింది. ఎవరి జాగను వాళ్లు ఎట్ల కాపాడుకోవాలెనో ఆ పెట్టకు తెలుసు. నేను బీకాం చదివిన గానీ ఆ పాఠం మా సిలబస్‌లో లేకుండె.

కారు ట్రాక్టర్ డబ్బాలో వచ్చి మా వాకిట్లో దిగింది.

"ఏందిరా ఇది? శవాన్ని తెచ్చినట్టు తెచ్చినవ్" అన్నది అత్తమ్మ.

"అవ్వా, గిది ఇంగ్లండు కారు."

"మరి పోంగ పట్కపోలేదా వాళ్లు?"

మా బావ లక్ష్మణ్, అంటే మా ఆయన అన్న, చూడనీకి వచ్చి చుట్టూ ఒక రౌండ్ తిరిగిండు. బానెట్ మీద వేలితో కొడితే కొంచెం తుప్పు రాలింది. "తమ్మీ, దీన్ని ఇనుపసామానోనికి ఇయ్యి. ఉల్లిగడ్డలన్న ఇస్తడు" అన్నడు. మా ఆయన మొహం చిన్నబోయింది. నాకు బాధయింది. అప్పుడే నేను ఆయన దిక్కు అయిపోయిన. మొగని మొహం చిన్నబోతే పెండ్లానికి బుద్ధి పనిచెయ్యదు.

ఆ రోజు అన్నం దగ్గర మా ఆయన చిన్న ఉపన్యాసమే ఇచ్చిండు. దీన్ని బయటి గ్యారేజీకి ఇయ్యడట. ఇంట్లోనే, మన చేతులతోనే చెయ్యాలెనట. అందుకు వాకిలి కావాలె, అంటే అత్తమ్మ మిరపకాయలు ఎండబోసుకునే జాగ. నా కుట్టుమిషను కావాలె. నవత కాలేజీ సెలవులు కావాలె.

"మరి మాకేంది?" అన్నది నవత. సెలవులకు పోయినప్పుడు నిజామాబాద్‌లో వాళ్ల మామ దుకాణంలో కూసొని వ్యాపారం నేర్చుకున్నది కదా.

"తయారైనంక మొదాలు స్టీరింగు మీ అమ్మదే. నిర్మల్ దాకా మీ అమ్మనే తోలాలె. మీ అమ్మమ్మ వాకిట్ల హారన్ కొట్టి దిగాలె. నేను పక్కన సంచి పట్టుకొని కూసుంట."

"సాక్ష్యం?" అన్న నేను, నవ్వుకుంట.

"అవ్వ సాక్ష్యం."

అత్తమ్మ ముద్ద మింగి తల ఊపింది.

ఆయన అలవోకగా అన్న మాట నాకు ఎంత లోపలికి పోయిందో ఆయనకు తెల్వదు. కాలేజీ రోజుల్లో బస్సు మెట్ల మీద నిలబడి పోయిన. పెండ్లయినంక స్కూటర్ వెనక సీటు. పెండ్లిండ్లకు ఎవరి జీపులోనో మధ్యలో, ఒడిలో ఇంకొకరి పిల్లతో. ఎప్పుడైనా ఎవరో నన్ను తీసుకపోయిండ్రు. నేను పోయింది లేదు. ఆ రాత్రే నిర్మల్‌లో మా అవ్వకు, అంటే నన్ను కన్నతల్లి సక్కుబాయికి ఫోన్ చేసి చెప్పిన. మా అవ్వకు చెప్తే మైకులో చెప్పినట్టే. తెల్లారేసరికి గల్లీ గల్లీకి తెలిసింది.

నేను డ్రైవింగ్ స్కూల్‌కు పోయిన. ఎనిమిది అంకె మీద వెనకకు ముందుకు తిప్పి లైసెన్సు తెచ్చుకున్న. పక్కింటి వనజ అడిగింది, "కారు లేకుంట లైసెన్సెందుకు వదినా?" "పెండ్లి కాకముందే పుస్తె చేయించుకున్నట్టు" అన్న.

ఇగ పని. మా ఆయన ఇంజను దిక్కు పోయిండు. మిగిలింది ఇంటి దిక్కు వచ్చింది. బోల్టులు, నట్లు అన్నీ అత్తమ్మ చేటలో పోసుకొని, గ్యాసునూనెలో, అంటే కిరసనాయిల్లో, కడిగి, బియ్యంలో రాళ్లేరినట్టు మంచివి ఒక దిక్కు, చెడ్డవి ఒక దిక్కు ఏరేది. "ఈ బోల్టు ముసల్ది, గని పనికొస్తది, నా లెక్క" అనేది. నవత ఇంగ్లండులో సామాను అమ్మేటోళ్లకు మెయిళ్లు రాసేది. ఇంజను సందుల్లో ఆమె సన్న చెయ్యి పోయినంత లోపలికి ఇంట్లో ఎవరి చెయ్యీ పోకపోయేది. నేను రెక్సిన్ కొని సీట్లు కుట్టిన. ఎన్ని సూదులు విరిగినయో నా మిషనుకే తెలుసు. జాకెట్టు కుట్టే మిషను మీద సీటు కుట్టుడంటే మేకకు నాగలి కట్టుడే.

రంగు కూడా నేనే వేసిన. నిర్మల్ బొమ్మలకు వేసేదీ కార్లకు వేసేదీ ఒకటే జాతి రంగు, డూకో. మా అవ్వ బొమ్మలకు వేస్తుంటే చిన్నప్పటి నుంచి పక్కన కూసొని కాగితంతో రుద్దిన చేతులు ఇవి. బొమ్మ జానెడు, కారు పదిహేను జానలు, అంతే తేడా. లప్పం పెట్టుడు, నీళ్లు చల్లుకుంట రుద్దుడు, ఒక పూత, మళ్లా రుద్దుడు. నా వేలిముద్రలు అరిగి రేషను షాపులో మిషను నన్ను గుర్తుపట్టలే. "నువ్వు నువ్వే అని ఏం గ్యారంటీ?" అన్నడు డీలరు. మా ఆయన్నే అడగాలె అన్న.

మూడేండ్లు దాటింది. కారు ముదురాకుపచ్చగా, నీడలో కూడా మెరిసేటట్టు తయారైంది. ఒక్కటే కొదువ. సెల్ఫు మోటరు పని చెయ్యలే. దానిది ఇంకోటి ఎక్కడా దొరకలే. ముందర హ్యాండిల్ పెట్టి తిప్పితే అది ఎదురు తన్ని మా ఆయన మణికట్టు విరిగింది. కట్టు విప్పినంక ఆ హ్యాండిల్‌ను ఆయన మళ్లా ముట్టలే. నన్ను ముట్టనియ్యలే. ఇగ మిగిలింది ఒక్కటే తోవ. ఒకరు లోపల కూసుండాలె, మిగతావాళ్లు వెనక నుంచి ధక్కా కొట్టాలె.

దసరా నాడు పూజ పెట్టుకున్నం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిన, కొబ్బరికాయ కొట్టిన. నేను కొత్త చీర కట్టుకొని, లైసెన్సు పర్సులో పెట్టుకొని నిలబడ్డ. మా బావ కూడా వచ్చిండు. ఈసారి బానెట్ మీద వేలితో కొట్టలే, అరచేత్తో నిమిరిండు. "తమ్మీ, కారంటే ఇదిరా" అన్నడు. మా ఆయన ఛాతి ఉబ్బింది. పోయి స్టీరింగు ముందు కూసున్నడు.

"అన్నా, నువ్వు ఇటు కూసో."

రెండే సీట్లు. రెండూ నిండినయ్.

నేను చూస్తున్న. ఆయన నా దిక్కు చూసి, చూపు తిప్పుకొని, "జర డ్యాం కట్ట దాకా పోయొస్తం. మీరు ధక్కా కొట్టుండ్రి" అన్నడు.

పండుగ పూట, అందరి ముందట, ఏమంట? చీర కుచ్చిళ్లు దోపుకున్న. అత్తమ్మ ఒక పక్క, నవత ఒక పక్క. నేను వేసిన రంగు మీద నా చేతులే పెట్టి నూకిన. కారు దగ్గింది, పొగ మా మొహాన ఊసింది, పోయింది. మా బావ చెయ్యి ఊపిండు. నలిగిన నిమ్మకాయ పిప్పి మా కాళ్ల కింద ఉన్నది.

"అమ్మా, నీ చీర" అన్నది నవత. ముందర అంతా నల్లగైంది.

అడిగిన. అడగకుంట ఉండలే. "క్లచ్ నాజూకున్నది, వచ్చే ఆదివారం." "బ్రేకులు పట్టుబడనీ, ఆ వచ్చే ఆదివారం." ఆయనకు ఆదివారాలు బాగా దొరికినయ్. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు పక్క సీట్లో ఉండేటోళ్లు. పాత దోస్తు, మడిగె కిరాయిదారు, చివరికి చొప్పదండి బాలమల్లు. మేము ముగ్గురం ఎప్పటిలెక్కనే వెనక.

అప్పుడే పేపరాయన వచ్చిండు. కుర్చీలో కూసొని రాసుకుంటున్నడు.

"రంగు ఎక్కడ వేయించిండ్రు సార్?"

"ఇంట్లనే అయింది" అన్నడు మా ఆయన.

"సీట్లు?"

"అవి గూడ అయినయ్."

నేను ట్రే పట్టుకొని గడపలో నిలబడ్డ. మా ఇంట్లో అన్నీ ఇట్లనే అయితయ్. వంట అయితది. బట్టలు అయితయ్. పిల్ల పెద్దగైతది. చేసేటోళ్లు ఎవరో ఎవరికీ ఎరుక లేదు.

"ఛాయ్ గూడ అయింది. తాగుండ్రి" అన్న.

పేపరాయన నవ్విండు. మా ఆయన నవ్వలే. కారును ఎండలోకి తెస్తే ఫోటో మంచిగొస్తదన్నడు ఫోటోగ్రాఫర్. వాకిట్లో నుంచి నూకినం. బానెట్ దిక్కు ఫోటో తీసిండు. వెనక మేము ఆయాసపడుతున్నం. సహకారం అంటే అదే.

పేపర్లో పడ్డ తెల్లారి మా అవ్వ ఫోన్ చేసింది. "పేపర్ చూపిచ్చిండ్రే. కారు సక్కగున్నది. నువ్వేడున్నవే? వాకిలి అలికి పెట్టాల్నా?"

"వస్తనవ్వా" అన్న. ఆ మాట అనుడు నాకే సిగ్గనిపించింది.

ఆ ఆదివారం మా బావ మళ్లా వచ్చిండు. పేపర్ మడిచి జేబులో పెట్టుకొచ్చిండు. ఇద్దరూ ఎక్కి కూసున్నరు. మా ఆయన అద్దంలో జుట్టు సవరించుకొని, వెనకకు చూడకుంటనే అన్నడు, "ఊఁ, ధక్కా."

నేను చేతులు కట్టుకొని నిలబడ్డ. పేపర్ ఫోటోలో ఆయన కట్టుకున్నట్టే.

"ధక్కా అంటున్న."

"వినపడ్డది. జర దిగుండ్రి" అన్న. "నేను కూసుంట. మీరు ధక్కా కొట్టుండ్రి."

మా బావ నవ్వు మొదలుపెట్టి, ఎవరూ నవ్వుతలేరని చూసి ఆపిండు.

"ఏం మాటనే ఇది, అన్న ముందట?" అన్నడు మా ఆయన.

"మాట మీదే. నిర్మల్ దాకా అన్నరు. నిర్మల్ వద్దు. గల్లీ చివరి దాకా తోలి తెస్త."

"అవ్వా, నువ్వన్న చెప్పు!"

అత్తమ్మ అప్పటికే అలవాటు కొద్దీ కారు మీద చేతులు పెట్టి ఉన్నది. నన్ను చూసింది, కొడుకును చూసింది. మెల్లగ చేతులు తీసి నడుము మీద పెట్టుకున్నది. "నా నడుము పట్టిందిరా" అన్నది. పొద్దున ఆమెనే రెండు బిందెల నీళ్లు మోసింది. నవత ఫోన్ చూసుకుంట లోపలికి పోయింది.

మా ఆయన దిగలే. దిగితే అయిపోయేది. తలుపు ఆ చేతికి జానెడు దూరం. ఆయన మొహంలో కోపం కంటే భయమే ఎక్కువ కనపడ్డది నాకు. పన్నెండేండ్లు ఇంకొకరి కార్లో ఆ జాగలో కూసున్న మనిషి. సొంత కారులో దాన్ని ఒక్క పూట వదిలితే మళ్లా దొరకదని భయం. అది నాకు అర్థమైంది. అర్థమైతే మాత్రం బాధ తక్కువైతదా?

మా బావ కాసేపటికి దిగి, పని ఉన్నదని బండి మీద పోయిండు. మా ఆయన ఒక్కడే, కదలని కారులో, స్టీరింగు పట్టుకొని ఎండ మొహానికొచ్చే దాకా కూసున్నడు.

తర్వాత ఒకసారి ఇద్దరు ఆటోవాళ్లను పిలిచిండు. "అన్నా, గిది కారా, తోపుడుబండా?" అన్నరు వాళ్లు. మళ్లా పిలవలే. కారుకు కవరు కప్పిండు. మేము కారు సంగతి తప్ప అన్నీ మాట్లాడుకుంటం. కూర, కిరాయి, నవత ఫీజు.

నేను మొన్న మా అవ్వ దగ్గరికి పోయిన. బస్సులో, జగిత్యాల మీదుగా. మా అవ్వ వాకిట్లోకి వచ్చి నా వెనక, రోడ్డు దిక్కు చూసింది. చెంబుతో నీళ్లిచ్చింది.

తిరిగొచ్చేసరికి గాలికి కవరు సగం లేచిపోయి ఉన్నది. అత్తమ్మ బానెట్ మీద చాప పరిచి మిరపకాయలు ఎండబోసింది. ఆమె జాగ ఆమెకు వచ్చింది. వనజ వాళ్ల నల్ల పెట్ట డ్రైవర్ సీట్లో, నేను కుట్టిన రెక్సిన్ మీద, గడ్డి పోగుచేసుకొని కూసున్నది. దగ్గరికి పోతే మెడ లేపి గుర్రుమన్నది.

నేను కుట్టినంక ఆ సీట్లో కూసున్న మొదటి ఆడది. నేను అదిలించలే.