ఆకురాయి కడుపుమంట

నేను ఒక ఆకురాయిని. కత్తిపీటకు పదును పెట్టే చిన్న ముక్కననుకునేరు, కాదు. మూరెడు పొడుగు, మూడు వేళ్ల వెడల్పు. ఒక పక్క ముతక పళ్లు, రెండో పక్క సన్న పళ్లు. గుర్రపు గిట్టలు రాయడానికి పుట్టినదాన్ని. ఎక్కడో ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో నన్ను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా నూనెలో ముంచారట. అప్పటినుంచీ నాకు కడుపుమంట ఎక్కువ. దాచుకోవడం నాకు చేతకాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో నేను అందరి మీదా ఏడుస్తాను, మీరు సర్దుకోవాలి.

నా మొదటి యజమాని మస్తాన్ సాయిబు. గుంటూరు దగ్గర జట్కాల స్టాండులో చింతచెట్టు నీడన కూర్చుని గుర్రాలకూ ఎద్దులకూ లాడాలు కొట్టేవాడు. గిట్ట చదును చేసేది నేను. నేను రాయకపోతే లాడం అటూ ఇటూ ఊగి మర్నాటికే ఊడిపోతుంది. అయినా పేరెవరికి? సుత్తికి. జనం నోట ఎప్పుడు విన్నా "మస్తాను లాడం కొట్టాడు" అన్న మాటే. ఆకురాయి పట్టాడు అన్నవాణ్ని ఇంతవరకూ చూడలేదు. ఆ సుత్తి పక్కన ఒకే సంచిలో అన్నేళ్లు ఎలా పడుకున్నానో నాకే తెలుసు.

తరవాత ఆటోలొచ్చాయి, గుర్రాలు పోయాయి. చింతచెట్టు కింద మస్తాను బీడీలు కాలుస్తూ కూర్చున్న ఒక మధ్యాహ్నం ఖాకీ చొక్కా మనిషొకడు సైకిలు దిగాడు. పేరు ఏడుకొండలు. జూలో ఏనుగును చూసుకునే కీపరు. మా జూ ఎక్కడో చెప్పను, అడక్కండి. మూతబడ్డ సర్కసు నుంచి ఒక ఏనుగొచ్చిందనీ, ఏళ్ల తరబడి గొలుసుకట్టి గచ్చు మీద నిలబెడితే దాని గోళ్లు చీలి, అరికాళ్లు పగిలిపోయాయనీ, గోళ్లు తియ్యడం నేర్పమనీ బతిమాలాడు. మస్తాను నన్ను చంకలో పెట్టుకుని జూకి వెళ్లాడు. ఊచల అవతల నిలబడ్డ ఆ శాల్తీని కిందనుంచి పైదాకా చూశాడు.

"సామీ, దీని కాలే నా గుర్రమంత ఉంది. ఇది నావల్ల కాదు. ఇదుగో, దీన్ని మీరే ఉంచుకోండి" అని నన్ను ఏడుకొండలు చేతిలో పెట్టి ఇంటికెళ్లిపోయాడు.

ఏనుగు పేరు వనజ. చెవుల వెనక సర్కసు వాళ్ల అంకుశం పోట్లు మచ్చలై మిగిలాయి. చేతిలో కర్ర కనిపిస్తే చాలు, వణికి వెనక్కి పోయేది. ఏడుకొండలు అంకుశం ముట్టనని మొదటి రోజే ఒట్టు పెట్టుకున్నాడు. ఊచల మధ్య పాదం పట్టేటంత కిటికీ ఒకటి చేయించి, ఇవతల పీట వేసుకుని కూర్చుని బెల్లం ముక్క చూపించేవాడు. అది కాలు కిటికీలో పెడితే బెల్లం, తీసేస్తే ఏమీ లేదు. కొట్టడం లేదు, తిట్టడం లేదు. వానాకాలమంతా ఇదే తంతు. కాలు పెట్టేది, నేను తగలగానే లాక్కునేది.

ఇక్కడే నా గొప్పతనం మొదలైంది, కాస్త శ్రద్ధగా వినండి. గోరు రాసేటప్పుడు నా పళ్ల సందుల్లో పొట్టు ఇరుక్కుంటుంది. దాన్ని దులపడానికి ఏడుకొండలు నన్ను ఊచకేసి ఒకసారి తట్టి, ఆ ఊచ వెంబడే కిందికి జారవిడిచేవాడు. టంగ్ మని, సర్రు మని. ఒక రోజు ఊరికే కూర్చుని, పని మొదలుపెట్టకముందే అలవాటుగా అలా దులిపాడు. అవతల వనజ చెవులు నిక్కించి, నడిచొచ్చి, తనంతట తానే పాదం ఎత్తి కిటికీలో పెట్టింది. అప్పటికి బెల్లం సంచిలోంచి బయటికైనా రాలేదు. ఏడుకొండలు నోరు తెరుచుకుని చూశాడు. మళ్లీ దులిపాడు. మళ్లీ ఎత్తింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని దాని తొండం నిమిరాడు, నా వంక చూడనైనా లేదు. ఎత్తింది ఎవరి గొంతు విని? నా గొంతు విని.

అప్పటినుంచి దాని పాదాలు నా సొంతం. ఏ గోరు ఎటు చీలిందో, ఏ మడతలో రాయి ఇరుక్కుంటుందో నాకు తెలిసినట్టు దానికే తెలియదు. కానీ సంపాదించిన పేరంతా పక్కవాళ్లు తన్నుకుపోయారు. పని నాది, ముద్దు బెల్లం ముక్కది. రబ్బరు పైపు ఉత్తి నీళ్లు పోస్తుంది, దానికి జనం చప్పట్లు కొట్టి ఫొటోలు తీసుకుంటారు. వనజ మీదా నాకు కుళ్లే. ఏడుకొండలు పొద్దున వస్తూనే "ఏం తల్లీ, నిద్రపట్టిందా" అని దాన్ని అడుగుతాడు. పగలంతా దాని గోళ్లతో కుస్తీ పట్టిన నన్ను ఏనాడైనా అడిగాడా? పాత తువ్వాలు చింపి నా పిడికి చుట్టాడు, అదొక్కటే నాకు చేసిన మర్యాద.

నాకు తోడు ఇంకొకరు ఉండేవారు, ఆయన పెళ్లాం శేషమ్మ. ఒక రోజు క్యారేజీ ఇవ్వడానికి వచ్చి, మొగుడు ఏనుగు కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం చూసింది. "నా కాళ్లు పగిలి నెత్తురు కారినా ఒక్కనాడు ఇటు చూడలేదు, ఈ సవతికి మాత్రం సేవలు చేస్తున్నావు" అని అక్కడే దులిపేసి క్యారేజీ నేల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది.

ఏడుకొండలు మాత్రం తక్కువ తిన్నాడా? ఆయన అసూయ ముందు నాది ఎందుకూ చాలదు. వనజ ఇంకొకరి చేతి చెరుకుగడ తిన్నా ఆయనకు అన్నం సయించేది కాదు. వేరే కీపర్లు వచ్చి, కాలు ఎలా ఎత్తిస్తావయ్యా అని అడిగితే అమాయకంగా మొహం పెట్టి "ఎత్తు తల్లీ అనండి, ఎత్తుద్ది" అనేవాడు. వాళ్లు గొంతు చించుకుని అరిచేవారు. వనజ గడ్డి తింటూ ఉండేది. అప్పుడు ఏడుకొండలు నన్ను తీసుకుని, పొట్టు దులుపుకుంటున్నట్టుగా ఊచకు తట్టి, నోటితో "ఎత్తు తల్లీ" అనేవాడు. పాదం లేచేది. అందరూ ఆయన నోటివంకే చూసేవారు, చేతివంక ఎవరు చూస్తారు? నాకూ అదే బాగుండేది. నన్ను వాళ్లెవరూ ముట్టుకోకపోవడం ఇంకా బాగుండేది.

ఏళ్లు గడిచాయి. ఏడుకొండలు మీసం నెరిసింది, నా పళ్లు అరిగాయి. జింకల దగ్గర పనిచేసే సలోమి అనే ఆవిణ్ని ఆయనకు తోడుగా వేశారు. నలభైకి అటూ ఇటూగా ఉంటుంది. మాట తక్కువ, ఓపిక ఎక్కువ. ఆవిడ వనజకు సంగటి ముద్దలు చేసేది, వీపు తోమేది. వనజ కూడా సిగ్గులేకుండా ఆవిడ కొంగు వాసన చూసేది. ఏడుకొండలు అన్నీ నేర్పాడు గానీ, గోళ్ల పని వచ్చేసరికి "అమ్మాయ్, వేణ్ణీళ్లు పట్రా పో" అని పంపేసేవాడు. ఆవిడ నీళ్లతో తిరిగొచ్చేసరికి పాదం కిటికీలో ఉండేది.

ఆయన రిటైరైన రోజున శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. సభ అయ్యాక నన్ను తువ్వాల్లో చుట్టి క్యారేజీ సంచిలో దాచి ఇంటికి తీసుకుపోయాడు. తనను పిలవకుండా వాళ్లకు గడవదని ఆయన ధైర్యం. గడియారం హాల్లో గోడెక్కింది, నేను ట్రంకు పెట్టెలో పాత ఖాకీ చొక్కాల కిందికి దిగాను. ఆ గడియారం టిక్కుటిక్కుమంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఏడుకొండలు వరండాలో కూర్చుని పిలుపు కోసం ఎదురుచూశాడు. ఫోను మోగితే గొంతు సవరించుకుని, కాస్త మోగనిచ్చి తీసేవాడు. ఎవరో రీచార్జీ చేయించుకోమనేవాళ్లు. నాకు లోపల్లోపల సంతోషంగానే ఉండేది. నా గొంతు లేకపోతే ఆ పాదం లేవదు, లేవకూడదు అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం సలోమి వచ్చింది. మంచినీళ్లు కూడా తాగకుండా గుమ్మం దగ్గరే చెప్పింది.

"బాబాయ్, వనజ ముందరి ఎడం కాలు వాచింది. అరికాల్లో చీము పట్టింది. వారం నుంచి బెల్లం పెట్టి, ఈల వేసి, దణ్ణం కూడా పెట్టి చూశాను. కాలు ఎత్తట్లేదు. రేపు మత్తిచ్చి పడుకోబెడతామన్నారు డాక్టరుగారు. ఈ వయసులో పడుకుంటే మళ్లీ లెగుద్దో లేదో ఆయనే చెప్పలేకపోతున్నారు."

చీము అన్న మాట పెట్టెలో ఉన్న నాకు వినబడింది. ముందరి ఎడం కాలు. మడమ దగ్గర ఆ పాత పగులు. నేను రోజూ చదును చేస్తేనే అది మూసుకుని ఉండేది. నేనిక్కడ చొక్కాల కింద హాయిగా కుళ్లుకుంటున్నాను, అదక్కడ మూడు కాళ్ల మీద నిలబడి ఉంది.

బయట ఏడుకొండలు కుర్చీలోంచి లేచిన చప్పుడైంది. ఆయన గొంతులో హుషారు దాగలేదు. "నేనుండగా నీకు దిగులెందుకమ్మాయ్. చొక్కా తొడుక్కొస్తాను, పద."

"మీరు రావద్దు బాబాయ్" అంది సలోమి.

చొక్కా కోసం లోపలికి వస్తున్న ఆయన అడుగులు మధ్యలోనే ఆగిపోయాయి.

"ఇవాళ మీరొచ్చి ఎత్తిస్తారు. పుండు మానిందాకా రోజూ కడగాలి, రోజూ వస్తారు సరే. మీకు జొరమొస్తే? మీరు పోయిన తరవాత? అప్పుడది ఎవరివంక చూడాలి బాబాయ్? మీరు రాకపోయినా పర్లేదు, నాకు నేర్పండి."

"నేర్పడానికేముంది" అన్నాడు ఏడుకొండలు, గొంతు దిగిపోయి. "ఎత్తు తల్లీ అంటే..."

అప్పుడు శేషమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఇన్నేళ్లూ అది నాకు సవతి. దాన్ని తిట్టని రోజు లేదు. అయినా దాని కాలు కుళ్లిపోతుంటే ఈ ఇంట్లో నేను ముద్ద మింగలేను. పెట్టెలో దాచింది తీసి ఆ పిల్లకియ్యండి."

ఆవిడకు అంతా తెలుసన్నమాట. నా జట్టు మనిషనుకున్నదే నన్ను పట్టిచ్చింది.

పెట్టె మూత లేచింది. ఏడుకొండలు నన్ను తీసి వరండా కిటికీ దగ్గరకు తెచ్చాడు. ఊచకు తట్టి, కిందికి జారవిడిచాడు. టంగ్, సర్రు. సలోమి నా వంక, ఆయన వంక మార్చి మార్చి చూసింది.

"ఇంతేనా బాబాయ్?"

"ఇంతేనమ్మా. ఇంతేనని తెలిస్తే ఇంక నన్నెవరు పిలుస్తారు?"

ఆవిడ చెయ్యి చాపింది. ఆయన ఇచ్చాడు. మొదటిసారి గట్టిగా కొట్టింది. అట్లా కాదమ్మా, పిలిచినట్టు కొడితే అది బెదురుద్ది, పొట్టు దులుపుకున్నట్టు కొట్టు, దాని ధ్యాసే లేనట్టు కొట్టు అని చెప్పాడు. చీకటి పడేదాకా ఆ కిటికీ ఊచ మీద నన్ను తట్టిస్తూనే ఉన్నాడు. సలోమికి సరిగ్గా వచ్చాక తల ఊపి, లోపలికెళ్లి పడుకున్నాడు. అన్నానికి లేవలేదు.

మర్నాడు డాక్టరుగారు మత్తుమందు సిద్ధం చేసుకుని నిలబడ్డారు. ముందు ఒక్కసారి చూద్దాం సార్ అని బతిమాలి సలోమి పీట మీద కూర్చుంది. ధ్యాసే లేనట్టు నన్ను దులిపింది. వనజ చెవులు నిలబెట్టింది. కుంటుకుంటూ వచ్చింది. కిటికీలోంచి తొండం చాపి నా పిడికి చుట్టిన తువ్వాలు గుడ్డను వాసన చూసింది. సలోమి వెనకాల వెతికింది. ఎవరూ లేరు. తరవాత మెల్లగా, నొప్పికి ఒళ్లు వణుకుతుండగా, పాదం ఎత్తి సలోమి ముందు పెట్టింది. డాక్టరుగారు మత్తు సూది పక్కన పెట్టేసి, చీము తీసి, కట్టు కట్టారు.

ఇక ఇక్కడితో నాకు పట్టాభిషేకం జరిగిందనుకుంటున్నారా? పుండు మానాక గోళ్ల పని మొదలుపెడుతూ సలోమి నా పళ్లు వేలితో తడిమి, పాపం బాగా అరిగిపోయింది అని, సంచిలోంచి కొత్త ఆకురాయిని తీసింది. తళతళా మెరుస్తోంది, నిన్నగాక మొన్న పుట్టిన పిల్లకాకి! నన్ను ఊచల పక్కన మేకుకు వేలాడదీసింది. రోజూ ఒకసారి నన్ను తీసి తడుతుంది, పాదం లేస్తుంది, నన్ను మళ్లీ మేకుకు తగిలించి కొత్తదాన్ని అందుకుంటుంది. నా వనజ పాదం మీద అది తిరుగుతుంటే నేను గోడనున్న మేకుకు వేలాడుతూ చూస్తుంటాను. అయినా లోపల ఒక గర్వం ఉండేది. నువ్వెంత మెరిసినా, నా గొంతు వింటేనే ఆ పాదం లేస్తుందే అనుకునేదాన్ని.

మొన్న ఆదివారం ఆ గర్వం కూడా పోయింది. ఏడుకొండలు, శేషమ్మ అందరిలాగే టికెట్టు కొనుక్కుని వచ్చారు. వనజ తిరిగే ఆవరణ చుట్టూ తవ్విన కందకం అవతల పిల్లలూ పెద్దలూ కిక్కిరిసి ఉంటే వాళ్ల వెనకాల నిలబడ్డారు. ఆయన పిలవలేదు, చెయ్యి ఊపలేదు. తెల్లచొక్కాలో నేనే వెంటనే గుర్తుపట్టలేదు. వనజ చెరుకు నములుతున్నదల్లా ఆగింది. తొండం గాలిలోకెత్తింది. కందకం అంచుదాకా నడిచివెళ్లి, ఆయనకు ఎదురుగా నిలబడి, ముందరి ఎడం పాదం పైకెత్తింది. అరికాలు కనబడేలా, బాగా పైకి. పుండు మాని, లేత చర్మం వచ్చి ఉంది.

జనం చప్పట్లు కొట్టారు. ఏడుకొండలు పైకండువాతో మొహం తుడుచుకుని, పక్కనున్నవాళ్లకు కూడా వినబడనంత మెల్లగా ఏదో అన్నాడు. పెదాలు చూసి నాకు అర్థమైంది.

"చూశాన్లే తల్లీ, దించు."

దించింది. శేషమ్మ మొగుడి మోచెయ్యి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

నేను మేకుకు వేలాడుతూనే ఉన్నాను. నన్నెవరూ తట్టలేదు.