పెద్దకోడలు ఆగిపోయిన రోజు

చిన్నకోడలు ఆఫీసుకి వెళ్ళి చేసే పని ఫోన్లోని భాగాలని జోకొట్టడం. ఫోన్ అడుగున కెర్నెల్ అనే ప్రోగ్రాం ఉంటుంది. అందులో ఆమె రాసే భాగం, ఎవరికీ అక్కర్లేని కెమెరాకో స్పీకరుకో కరెంటు ఆపి, వాటిని నడిపే గడియారం టిక్కుని నిలిపేస్తుంది. ఎవరైనా అడిగితే మళ్ళీ లేపుతుంది. అలా జోకొట్టకపోతే మధ్యాహ్నానికే బ్యాటరీ చతికిలబడుతుంది.

ఇంట్లో మనుషులదీ అదే తీరు. ఎవరికీ అవసరం లేని మనిషి ఉన్నచోటే ఆగిపోయేవాడు. సెలవు రోజున బావగారు పేపరు పట్టుకుని ఆగిపోతే, ఆయన చుట్టూ ఊడ్చేసి, పనిలో పనిగా ఆయన మీది దుమ్ము కూడా దులిపేవారు. సీసా మూత రాకపోతే పిలిచేవారు. ఆయన లేచి తీసిపెట్టేవాడు. పిలుపు ఉత్తుత్తిదైతే కదిలేవాడు కాదు.

ఆయన భార్య పెద్దకోడలు మాత్రం ఎన్నడూ ఆగి ఎరగదు. పిల్లల్లేని మనిషి. చిన్నకోడలి కూతురు బడినుంచి రాగానే బ్యాగు ఒక మూల, తను పెద్దమ్మ పక్కన. చెప్పు తెగిన సంగతి నుంచి మనసుపడ్డ అబ్బాయి సంగతి దాకా అన్నీ అక్కడే. తల్లి గదిలోకొస్తే ఇద్దరూ నోళ్ళు కుట్టేసుకునేవారు. చిన్నకోడలికి ఒళ్ళంతా కారం రాసినట్టుండేది. కన్నది నేను, కబుర్లు ఆవిడకా అని మొగుడి దగ్గర గొణిగితే, మార్కులు తప్ప నువ్వేం అడుగుతావని ఎదురడిగాడు. మంట ఇంకా పెరిగింది.

చదువు వంక పెట్టి పిల్లని హాస్టల్లో వేసేసింది. పెద్దమ్మకి ఫోన్ చేస్తే ఊరుకోనని గట్టిగా చెప్పింది.

కొన్నాళ్ళకి పెద్దకోడలు దుప్పటి మడతపెడుతూ ఆగిపోయింది. బావగారు పిలిచినా కదల్లేదు. అన్నం తిందాం రా అక్కా అని చిన్నకోడలూ పిలిచింది. ఆ పిలుపు పైపైదని తనకే తెలుసు.

ఆఫీసులో కొత్తవాళ్ళు చేసే తప్పది. కెమెరా పని అయిపోయిందని టిక్కు ఆపేస్తారు. ఆ టిక్కు మీదే స్పీకరు కూడా నడుస్తోందేమో చూసుకోరు. అలాంటివాళ్ళని నలుగురిలో కడిగేసే మనిషి, కూతురి పిలుపు మీద ఇంకో ప్రాణం నడుస్తోందని చూసుకోలేదు.

పిల్లచేత ఒక్క మాట పిలిపిస్తే చాలు. ఫోన్ తీసింది, పెట్టేసింది. పిలిపిస్తే గెలుపు ఆవిడదే.

సాయంత్రం పిల్లే ఫోన్ చేసింది. అమ్మా అని, ఇక వెక్కిళ్ళే. ఏమైందే అంటే ఏం లేదంది. పరీక్ష పోయిందా అంటే ఏడుపు పెద్దదైంది.   చిన్నకోడలు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, దుప్పటి పట్టుకున్న మనిషి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"అక్కా, పిల్ల ఏడుస్తోంది. దానితో ఏం మాట్లాడాలో నాకు తెలీదు. నువ్వు చెప్పు."

దుప్పటి జారిపోయింది. పెద్దకోడలు ఫోన్ కోసం చెయ్యి చాచబోయి, వెనక్కి తీసుకుంది.

"ఏమీ అడక్కు," అంది. "ఇక్కడే కూర్చున్నా, నువ్వు ఏడువు తల్లీ, అను."

చిన్నకోడలు నేలమీద కూర్చుని ఆ మాటే అంది. పెద్దకోడలు పక్కనే ఒత్తుకుని కూర్చుంది. పెద్దమ్మ కూడా ఉందే అని చెప్పబోయి, ముందు ఫోన్ని ఇద్దరి మధ్యకీ జరిపింది. తర్వాత చెప్పింది.