నడుముదాకా నీళ్ళు

మధ్యాహ్నం దాటినా బట్టల గుట్ట తరగలేదు. ఇస్త్రీ అక్కకి కుడిచెయ్యి భుజం దాకా లాగేస్తోంది. పొద్దున పెట్టెలో నిప్పులు వేసినది మొదలు నడుం వాల్చింది లేదు. మామూలు రోజుల్లో ఆమె బల్ల మీదికి పక్క వీధి మేడలవాళ్ళ చొక్కాలు వస్తాయి, ఆసుపత్రి నర్సుల తెల్ల బట్టలు వస్తాయి. ఇవాళ వచ్చినవన్నీ సొంత వీధివాళ్ళవే. బొగ్గు ధర ఏడాదిలో రెండింతలైంది, జతకి ఇచ్చే కూలి మాత్రం ఉన్నచోటే ఉంది. అయినా ఇవాళ ఎవరినీ రేపు రమ్మనడానికి లేదు.

సాయంత్రం మున్సిపల్ హాల్లో వాళ్ళ వీధి మీద తీసిన సినిమా వేస్తున్నారు. అందులో ఉన్నది వాళ్ళే, మాట్లాడింది వాళ్ళే. కటింగ్ షాపాయన ఏది తొడుక్కోవాలో తేలక రెండు చొక్కాలు పంపాడు. టీకొట్టు పెద్దమ్మ పెట్టె అడుగున దాచుకున్న బట్టలు తీసింది. జన్మలో ఇస్త్రీ చొక్కా ఎరగని వడ్రంగి పెద్దాయన కూడా ఒక చొక్కా చంకలో పెట్టుకుని స్వయంగా వచ్చాడు. తెర మీద ఎలాగూ ముసలాడినే, కనీసం కుర్చీలోనైనా కుర్రాడిలా ఉండాలి కదమ్మా అన్నాడు. ఆయన కూలి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు.

అందరికీ సంబరంగా ఉంది. ఆమెకి మాత్రం పొద్దున్నుంచీ గుండెలో రాయి పడ్డట్టుంది.

నెల కిందట మున్సిపల్ ఆఫీసువాళ్ళు ఒక కెమెరా అమ్మాయిని పంపారు. ఊరు మారిపోతోంది, పాతవాళ్ళ జ్ఞాపకాలు పోకముందే దాచిపెట్టాలి, మీ మనసులో ఉన్నది చెప్పండి అంది ఆ అమ్మాయి. ఆ వీధివాళ్ళని అంతవరకు ఎవరూ ఏమీ అడిగి ఎరగరు. మిల్లు మూసేటప్పుడు అడగలేదు. మిల్లు కూలగొట్టి ఆ స్థలంలో అద్దాల అంగళ్ళు లేపేటప్పుడు అడగలేదు. అడిగినవాడే దేవుడన్నట్టు, కుర్చీలు వేసి మరీ చెప్పారు.

ఆ వీధివాళ్ళకి ఒక జబ్బుంది. బాగున్నామని చెప్పుకోవడం వాళ్ళకి చిన్నతనం. పడ్డ కష్టమే వాళ్ళ ఆస్తి, దాన్ని చెప్పుకోవడంలో ఒకరికొకరు తీసిపోరు. ఒకరు పిల్లి అంత ఎలుక అంటే రెండోవాళ్ళు దానికి మీసాలు దువ్వుతారు. కటింగ్ షాపాయన కొట్టు గోడ వానకి కూలిన సంగతి చెప్పాడు. అప్పుడు కుర్చీలో ఒకాయన ఒక చెంప గీయించుకుని ఉన్నాడట. అయినా రెండో చెంప కూడా గీసే పంపానన్నాడు. టీకొట్టు పెద్దమ్మ ఎండాకాలమంతా బిందెడు నీళ్ళకి కోడి కూయకముందే నిలబడ్డ సంగతి చెప్పింది. అయినా మధ్యాహ్నానికి టీ అడిగినవాడిని ఒట్టి చేతులతో పంపలేదంది. ప్రతి కథ చివరా ఆ 'అయినా' ఉంది. అసలు కథ అంతా దానికోసమే.

ఇస్త్రీ అక్క చివర్న చెప్పింది. ముప్ఫై ఏళ్ళ కిందటి వాన. వీధిలో నడుముదాకా నీళ్ళు. ఆమెకి నొప్పులు మొదలయ్యాయి. బండి ఏదీ రాలేదు. మొగుడు మిల్లులో రాత్రిపాళీలో ఉన్నాడు, గేటు తాళం తీసేవాడు లేడు. అప్పుడు వడ్రంగి తన కొట్టు తలుపు ఊడదీశాడు. ఆరుగురు మగవాళ్ళు ఆమెని దానిమీద పడుకోబెట్టి, భుజాలకెత్తుకుని, పెద్దాసుపత్రికి మోశారు. ఆమె ఒంటిమీద చుక్క నీరు పడనివ్వలేదు. బిడ్డ ఆసుపత్రి వరండాలో పుట్టింది. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. తర్వాత ఊపిరి అందక ఎగఊపిరి తీసింది. డాక్టరు తెల్లారాక వచ్చాడు. అప్పటికి ఆమె ఒళ్ళో ఏ చప్పుడూ లేదు.

మిల్లు గేటు తీశాక మొగుడు పరుగెత్తుకొచ్చేసరికి బిడ్డని గుడ్డలో చుట్టేశారు. పుట్టడమే ప్రాణం లేకుండా పుట్టిందని చెప్పింది ఆయనకి. ఏడ్చిందని చెబితే తను అక్కడ లేనందుకు జీవితాంతం కుమిలిపోతాడని ఆమె భయం. మోసినవాళ్ళు కూడా ఆ మాట ఆయన చెవిన పడనివ్వలేదు. ఇన్నేళ్ళు దాచింది, ఎవరో ఊరూ పేరూ తెలియని అమ్మాయి చెయ్యి పట్టుకుని అడిగేసరికి ఎలా చెప్పేసిందో ఆమెకే తెలియదు. ఇప్పుడు ఆయన పక్కన కూర్చుని ఆ మాట తెర మీద వినాలి. ఇంట్లోనే ఉండిపోదామని ఎంత చెప్పినా ఆయన వినలేదు. పెళ్ళాం మొహం తెర మీద పడుతుంటే చూడకుండా ఎలా ఉంటానన్నాడు. మోకాళ్ళు పోయిన మనిషి, ఆమె భుజం పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ హాల్లోకి ఎక్కాడు.

దీపాలు ఆర్పారు. మొదట అంతా నవ్వులే. కటింగ్ షాపాయన కనబడగానే వెనక నుంచి ఈలలు వేశారు. ఆయన గోడ కూలిన సంగతి చెప్పాడు, అంతే, తెర మారిపోయింది. రెండో చెంప రానే లేదు. పెద్దమ్మ బిందె పట్టుకుని నిలబడ్డంతవరకే చెప్పింది. ఆమె టీ ఏమైందో తెలియదు. ఎలుకలు వచ్చాయి, మురుగు వచ్చింది, ఊడిపడ్డ పెచ్చులు వచ్చాయి. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అప్పుడు ఆమె మొహం వచ్చింది, గోడంత పెద్దగా. "నడుముదాకా నీళ్ళు. నాకు నొప్పులు మొదలయ్యాయి. బండి రాలేదు. నా బిడ్డ దక్కలేదు."

తెర నల్లబడింది. ఏడ్చిన మాట రాలేదు. ఒక్క క్షణం ఆమె ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం, ఆ నాలుగు ముక్కలూ పక్కపక్కన ఏం చెబుతున్నాయో అర్థమైంది. తలుపు లేదు, మోసిన భుజాలు లేవు, డాక్టరు రాని వరండా లేదు. ఉన్నది నీళ్ళూ, చచ్చిపోయిన బిడ్డా. మూడో వరసలో వడ్రంగి పెద్దాయన ఇస్త్రీ చొక్కాలో తల వంచుకుని కూర్చున్నాడు.

తర్వాత ఆ చోట రాబోయే కొత్త వీధి బొమ్మలు వేశారు. అద్దాల కొట్లు, వరసగా చెట్లు, చల్లగా నడిచిపోయే మనుషులు. ఆ మనుషుల్లో వీళ్ళని పోలినవాడు ఒక్కడూ లేడు.

దీపాలు వెలిగాక ఆఫీసు సారు లేచాడు. చెడ్డవాడేం కాదు, గొంతు కూడా మెత్తనే. మీ బాధ మీ నోటితోనే విన్నాం, ఇంకా ఇలాంటి చోట మిమ్మల్ని ఉంచడం పాపం అన్నాడు. వానలు రాకముందే వీధి ఖాళీ చేయిస్తారట. ఊరి చివర, రాళ్ళ క్వారీ దాటాక, నాలుగంతస్తుల కట్టడాల్లో తలా ఒక గది ఇస్తారట. ఇప్పుడు ఒక్కొక్కరూ మైకు దగ్గరికి వచ్చి, ఇవి మా మాటలే అని చెబితే చాలు, సినిమాని పై అధికారులకి పంపుతారు. చెప్పినవాళ్ళకి ఏ అంతస్తు కావాలో కోరుకునే వీలుంది. కింది గదులు మాత్రం కొన్నే ఉన్నాయి.

"మన వేలితో మన కన్నే పొడిచారు కదే అక్కా," అన్నాడు కటింగ్ షాపాయన గొణుగుతూ. అని ఊరుకోలేదు, లేచి వెళ్ళి అవునని చెప్పొచ్చాడు. ఆయన భార్యది గుండెజబ్బు, పై అంతస్తు ఎక్కలేదు. పెద్దమ్మ వెళ్ళింది. ఆ వెనక మరొకరు. అబద్ధం చెప్పమని ఎవరూ అడగలేదు కదా. తెర మీద మొహం తమది కాదని ఎలా అంటారు? చెప్పి తిరిగొచ్చేవాళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూడలేదు.

ఆమె మొగుడు పక్కకి ఒంగాడు. "అవునని చెప్పెయ్యి. ఒక్క మాటే కదా. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు."

తెలుసు. ఇరవై రెండేళ్ళు మగ్గాల ముందు నిలబడ్డ మోకాళ్ళవి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోరు తెరిచి ఆమెని అడిగింది ఏదీ లేదు. నిప్పుల పెట్టె మోసుకుని ఆమె మాత్రం నాలుగో అంతస్తు ఎన్నాళ్ళు ఎక్కుతుంది? ఎక్కినా అక్కడ బట్టలిచ్చేవాళ్ళెవరు? అవునందాం అనుకునే లేచింది.

మైకు అందిస్తూ కెమెరా అమ్మాయి తలెత్తలేదు. "నేను మొత్తం ఇచ్చానక్కా. పైవాళ్ళు కోసేశారు," అంది వినీ వినబడకుండా. ఆమె ఆ పిల్ల చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసింది. దానిదీ కూలిపనే.

"ఇవి నీ మాటలేనా అమ్మా?" అన్నాడు సారు.

ఎదురుగా అందరూ కనబడుతున్నారు. మూడో వరసలో వడ్రంగి ఇంకా తలెత్తలేదు. ఆయన పక్కన, ఆనాటి ఆరుగురిలో మిగిలిన ఇంకో ఇద్దరు. వాళ్ళ భుజాల మీద పడుకున్న మనిషి ఆ భుజాలు లేనే లేవని చెప్పాలి. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

"మొహం నాదే సారూ. మాటలూ నావే. మధ్యలోవి ఏమయ్యాయి? నీళ్ళు వచ్చాయి, నిజమే. అదిగో, ఆ పెద్దాయన కొట్టు తలుపు ఊడదీశాడు, ఆరుగురు కలిసి దానిమీద నన్ను మోశారు. నేను తడవకుండా ఆసుపత్రికి చేరాను."

"అవునో కాదో చెప్పమ్మా, చాలు."

మొగుడి వైపు చూసింది. ఆయన ముందుకి ఒంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వింటున్నాడు. ఇక్కడ ఆపితే ఆయనకి కింది గది దక్కుతుంది, ఆయన నిద్ర ఆయనకుంటుంది.

"నా బిడ్డ బతికే పుట్టింది. ఏడ్చింది. ఆ వరండాలో డాక్టరు లేడు, తెల్లారిందాకా లేడు. నా బిడ్డని చంపింది మా వీధి కాదు. నేను అవునని చెప్పను."

చివరి మాట మైకులో వినబడలేదు, ఎవరో ఆపేశారు. కానీ హాలంతా వినబడింది. సారు కాగితాలు సర్దుకుంటూ తర్వాతివాళ్ళని రమ్మన్నాడు. ఎవరూ రాలేదు. వడ్రంగి పెద్దాయన తలెత్తి ఆమెని చూస్తున్నాడు.

వెనక వరసలో ఆమె మొగుడు కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. ఆయన మొహంలో ఏముందో అంత దూరం నుంచి తెలియడం లేదు. నడవలోకి వచ్చాడు, పట్టుకోవడానికి భుజం లేక ఒక్కొక్క కుర్చీనే పట్టుకున్నాడు. నడవకి ఒక కొసన ఆమె ఉంది, రెండో కొసన బయటికి తలుపుంది. ఆయన మధ్యలో నిలబడి ఆయాసపడుతున్నాడు. ఎటు వెళతాడో ఆమెకి ఇంకా తెలియలేదు.